కట్టని గుర్తులు

ముప్పై నాలుగో నంబరు మనిషి కనుమ దిగి వచ్చి, దారి చీలిన చోట కాలు ఆపకుండానే కుడివైపుకు మళ్లి, "ఏంటి ఎజే, పెళ్లివారింటి దారిలా ఇన్ని కట్టారు, కళ్లు మూసుకున్నా తప్పిపోం" అని, ఎజే అని అక్కను పిలిచినట్టే పిలిచి, నవ్వుకుంటూ వెళ్లిపోయాక, జూరా ఒళ్లోని కాగితం మీద అతని నంబరుకు ఎదురుగా గీత పెట్టింది. ఇక మిగిలింది ఒక్క నంబరు, డెబ్భై ఒకటి. టైము రెండూ పది. మూడింటిలోపు ఆ నంబరు ఇక్కడికి చేరకపోతే రూలు ప్రకారం పరుగు ఆపించి వెనక్కి దింపాలి. చేరకపోతే బాగుండునని ఒక మనసు, చేరాలని ఒక మనసు, రెండూ తనవే, రెండూ ఒకదాన్నొకటి చూసి సిగ్గుపడటం లేదు. అతను ఎగతాళికి అన్నా నిజమే, ఇక్కడి నుంచి కుడి దారి మలుపు దాకా రెండు వందల అడుగుల్లో నలభై మూడు నారింజ రంగు పీలికలు కట్టింది తను. ఆర్చా పొదలకు కట్టింది, పొద లేని చోట కర్ర పాతి కట్టింది, కర్ర దిగని చోట రాళ్ల కింద పెట్టి కట్టింది. నిన్న ఎండలో కూర్చుని ఒక్కో ముడీ రెండుసార్లు లాగి చూస్తుంటే తన చేతుల్ని చూసి తనకే నవ్వు రాబోయి, రాకుండానే పోయింది. ఇవాళ ఆకాశంలో మబ్బు తునక లేదు. కింద, చాలా దూరంలో, సరస్సు ఎవరో నేల మీద గీసిన నీలిగీతలా ఉంది. పెద్ద ఉడుత లాంటి మర్మోట్ ఒకటి బొరియ మీద నిలబడి ఈల వేస్తోంది. ఇలాంటి రోజున పీలిక ఒక్కటీ లేకపోయినా ఎవరూ తప్పిపోరు. పీలికలు కావలసిన రోజు ఇది కాదు.

ఎడమ దారి వెడల్పు. తరతరాలుగా పశువులు నడిచి నడిచి చేసిన దారి అది, మంచి మట్టి, కాలికి మెత్తగా ఉంటుంది, తెలియనివాళ్లు దాన్నే నమ్ముతారు. కుడి దారి మేక పట్టినంత సన్నం, మొదట్లో రాళ్లే రాళ్లు, అసలు దారే కాదన్నట్టు మొహం చాటేసుకుంటుంది, కానీ అదే ఊరికి చేరుస్తుంది. ఈ సంగతి జూరాకు తొమ్మిదేళ్లప్పుడు తెలిసింది, నాన్న గుర్రపు మందల వెంట పరిగెత్తుతూ. ఈడు పిల్లలు గుర్రాలెక్కితే తను వాటి వెనక కాళ్లతో పరిగెత్తేది, పిచ్చిది అనేవాళ్లు. బడికి ఆరు మైళ్లు పరుగు, ఇంటికి ఆరు మైళ్లు పరుగు, తర్వాత అదే బడిలో వ్యాయామం టీచరు. వేసవిలో ఈ కొండల నిండా ఆమె అరికాళ్ల అచ్చులే. ఏ వాలులో పొద్దున మంచు జారుతుందో, ఏ వాగు మధ్యాహ్నం ఉబ్బుతుందో, ఏ రాయి మీద అడుగేస్తే కదులుతుందో పుస్తకం చదివినట్టు చెప్పేది. పట్నం నుంచి ఎర్మెక్ వచ్చి, ఎజే, ఈ దారులన్నీ కలిపి ఒక పరుగు పందెం పెడదాం, దేశదేశాల నుంచి వస్తారు అన్నప్పుడు అతన్ని పన్నెండు రోజులు వెంట తిప్పి ఈ ముప్పై ఎనిమిది కిలోమీటర్ల గొలుసు అల్లింది తనే. మొదటి నాలుగేళ్లు తనే పరిగెత్తింది, రెండేళ్లు ఆడవాళ్లలో తనే మొదట వచ్చింది. తర్వాత మోకాలు దెబ్బతింది. ఇక ఆ ఏడు ఎర్మెక్ ఎంతో మర్యాదగా, పక్కన కూర్చుని, టీ గిన్నె అందిస్తూ, "ఎజే, ఈసారి మీరు గుర్తులు కట్టండి. మీకన్నా ఈ కొండ తెలిసినవాళ్లెవరున్నారు" అన్నాడు. అంత మర్యాదగా అనకపోయినా బాగుండేది. కసురుకుని ఉంటే తిరిగి కసిరేది, ఏడ్చేది, అక్కడితో పోయేది. మర్యాద లోపల దిగి కూర్చుంది, ముల్లులా.

ముల్లు కూడా కాదు, ముల్లయితే తీసి చూపించవచ్చు. అది పందేనికి ముందు రోజు, రెండేళ్ల కిందట ఇదే నెల, ఇదే రాయి. కనుమ మీద నుంచి గుర్తులు కట్టుకుంటూ దిగేసరికి పొగమంచు కమ్మేసింది, సన్నగా మంచువాన మొదలైంది, వేళ్లు కొంకర్లు పోయాయి. నడుముకు కట్టుకున్న సంచిలో ఇంకా ఇరవై ఆరు పీలికలున్నాయి. తడుముకుని చూసింది కూడా. ఇక్కడ నిలబడింది, ఈ రాయి మీద ఎడమ కాలు పెట్టి. కట్టాలి అనుకుంది. ఆ వెంటనే ఇంకోటి అనుకుంది, ఆ ఇంకోదాన్నే రెండేళ్లుగా మనసులో ఎటు తిప్పి చూసినా మొహం మారడం లేదు. తెలియనివాళ్లకు ఈ కొండ ఎందుకు అనుకుంది. నాకెవరు కట్టారు గుర్తులు, తొమ్మిదేళ్లప్పుడు, అనుకుంది. రంగు బూట్లేసుకుని, గడియారం చూసుకుంటూ, నా దారిలో నా ముందు పరిగెత్తేవాళ్లకు నేను ముడులు కట్టాలా అనుకుంది. చలి వల్ల కాదు. అలసట వల్ల కాదు. చాలాసార్లు చలివల్లనే అని తనకు తాను చెప్పుకుని చూసింది, తర్వాత మోకాలి వల్ల అనీ, పొద్దుపోయిందనీ. కానీ సంచి మూతి బిగించి కుడి దారిలో దిగుతున్నప్పుడు తన కాళ్లు ఎంత తేలిగ్గా పడ్డాయో, ఎంత హుషారుగా, గెలిచినప్పటిలా, అది ఆమెకు గుర్తుంది. కాళ్లు అబద్ధం ఆడలేదు. ఇంటికి వెళ్లి ఆ ఇరవై ఆరూ పొయ్యిలో పడేసింది. "ఏంటా కంపు" అన్నాడు మొగుడు సపార్ పక్క గదిలోంచి. "పాత గుడ్డ" అంది.

గాలి తిరిగింది. కర్రకు కట్టిన పీలిక ఒకటి పటపటమంటోంది. రేడియోలో ఎర్మెక్ గొంతు గరగరలాడుతూ, "ఎజే, డెబ్భై ఒకటి కనుమ దాటిందట, మీ వైపు దిగుతోంది, మెల్లగానే అయినా గట్టిగా ఉందట" అన్నాడు. సరే అంది. మెల్లగానే అయినా గట్టిగా. ఆ నంబరు మేరిమ్‌ది. అలాగే పరిగెత్తింది ఆ ఏడు కూడా, నారిన్ నుంచి మొదటిసారి వచ్చిన ఇరవై మూడేళ్ల పిల్ల, ఒంటరిగా. మిగతావాళ్లలో సగంమంది ఊరివాళ్లే, తక్కినవాళ్లు వాళ్ల వెనకపడి దిగేశారు. ఒకరిద్దరు, చీలిక దగ్గర పీలికలు కనపడలేదే అన్నారు కూడా, ఇంత పొగమంచులో ఎలా కనపడతాయిలే అని ఇంకొకరు సర్దేశారు. సాయంత్రం నాలుగయింది, నాలుగున్నరయింది, అందరూ వచ్చేశారు, ఆ పిల్ల రాలేదు. ఐదింటికి ఎర్మెక్, గుర్రాలెక్కడానికి సిద్ధంగా ఉన్న పదిమందీ చుట్టూ నిలబడి ఉండగా, జూరా వైపు తిరిగి ఒకే ఒక్క మాట అడిగాడు. "ఎజే, చీలిక దగ్గర గుర్తులన్నీ ఉన్నాయి కదా?" చేతిలో టీ కూజా ఉంది. కూజాలోంచి ఆవిరి వస్తోంది. అప్పుడు చెప్పాల్సింది. ఎంతసేపు పడుతుంది లేవు అనడానికి? రెండక్షరాలు. "ఉన్నాయి" అంది. మూడక్షరాలు. గుర్తులుంటే పిల్ల కుడి దారి పట్టే ఉండాలి, కుడి దారి కింద లోయలో ఎక్కడో జారి పడి ఉండాలి అని గుర్రాలన్నీ కుడివైపు పోయాయి. చీకటి పడేదాకా, చీకటి పడ్డాక కూడా, లాంతర్లు పట్టుకుని, లేని చోట వెతికారు. తనూ వాళ్లతో వెతికింది. మేరిమ్, మేరిమ్ అని తనూ అరిచింది. ఎడమ లోయలోకి వినపడదని తెలిసి కుడి లోయలోకి అరిచింది. ఈ సంగతి మీద మనసు నిలబెట్టడం ఇప్పటికీ చేతకాదు, వేడి పెనం మీద చెయ్యి పెట్టినట్టు తీసేసుకుంటుంది. ఇవాళ ఈ ఎండలో, ఎటూ పోవడానికి లేకుండా ఈ రాయి మీద కూర్చుని, కాసేపు చెయ్యి తీయకుండా ఉంచి చూసింది.

ఆ మర్నాడు తెల్లారుతుండగా ఒక్కతే లేచి ఎడమ దారిలో పరిగెత్తింది. ఆగలేదు, తడుముకోలేదు, మూడు మైళ్లు తిన్నగా. రాతి చూరు కింద ముడుచుకుని ఉంది పిల్ల, ఎడమ చేతికి తొడుగు లేదు, ఎక్కడో జారిపోయిందట. వేళ్లు మైనంలా ఉన్నాయి. తన చొక్కా లోపల, పొట్టకు ఆనించి పెట్టుకుంది ఆ చేతిని, గుర్రాలు వచ్చేదాకా. ఆ చల్లదనం పొట్ట మీద నుంచి పోలేదు. ఊళ్లోకి తెచ్చాక అందరూ చుట్టూ చేరి, "ఎలా ఊహించావు జూరా, అటు పోయిందని" అంటుంటే, "కాళ్లు చెప్పాయి" అంది. ఆ మాట పేపర్లో కూడా వేశారు. బడిలో పిల్లలు చప్పట్లు కొట్టారు. నారిన్ నుంచి మేరిమ్ తల్లి వచ్చి, ఏడుస్తూ, తను కుట్టిన ఎర్రటి శాలువా భుజాల మీద కప్పి, రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. నా బిడ్డకు రెండో తల్లివి అంది. ఆసుపత్రిలో అవతల గదిలో డాక్టరు ఆ పిల్ల చేతికి నాలుగు వేళ్లు తీసేశాడు.

అప్పుడు మొదలైంది మరి గుర్తులు ఏమయ్యాయని. ఊరి మేత సంఘం వాళ్లు, ఎర్మెక్, పెద్దలు, అందరూ కూర్చున్నారు. "నువ్వు కట్టావు కదా?" "కట్టాను." "మరి?" ఒకడు అన్నాడు, ఎవరో గుర్తులేదు, కాదు, బాగా గుర్తుంది, కానీ వాడి తప్పేం లేదు, "ఆ చీలిక దగ్గరి మెట్ట మీద టోక్తోసున్ ఆవులు మేస్తాయి కదా, తినేసి ఉంటాయి" అన్నాడు. ఇంకొకడు, "ఆవులేంటి, వారం కింద ఆయనే ఎర్మెక్‌తో దెబ్బలాడాడు, ఈ రంగు పీలికలకు నా గొర్రెలు బెదురుతున్నాయి, పీకి పారేస్తా అని" అన్నాడు. అందరూ జూరా వైపు చూశారు. అప్పుడు ఆమె నోట్లోంచి వచ్చిన మాట "అయ్యుండొచ్చు." అవును అనలేదు, చూశాను అనలేదు. అయ్యుండొచ్చు. ఎంత చిన్న మాట, ఎంత పెద్దమనిషి తరహా మాట. దాన్ని పట్టుకుని వాళ్లే మిగతా ఇల్లంతా కట్టేశారు. టోక్తోసున్ ముప్పై ఏళ్లుగా మేపుకుంటున్న ఈ మెట్ట తీసేసుకుని వేరేవాళ్లకిచ్చారు. ఆయన్ని కింద వాగొడ్డున రాళ్ల దిబ్బ మీదికి తరిమారు, గడ్డి అంతంతమాత్రం ఉండే చోటికి. ఆయన పీకలేదని ఒకే ఒక్కసారి చెప్పి, ఎవరూ నమ్మకపోతే, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ శీతాకాలం ఒక పెళ్లి విందులో, వరసగా వయసును బట్టి మాంసం ముక్కలు పంచుతున్నప్పుడు, అరవై ఆరేళ్ల మనిషి ముందు పెద్దల ఎముక పెట్టకుండా కుర్రాళ్లకు పెట్టే ముక్క పెట్టారు. ఆయన దాన్ని కాసేపు చూసి, కత్తి తీసి, చిన్న చిన్న ముక్కలు కోసి, పక్కవాళ్లకు పంచి, తను ఒక్కటీ తినకుండా చెయ్యి తుడుచుకున్నాడు. జూరా ఎదుటి వరసలో ఉంది. ఆమె ముందు మంచి ముక్కే పెట్టారు. తిన్నది కూడా. తినకపోతే అడుగుతారని.

రాళ్లు దొర్లిన చప్పుడు. తలెత్తి చూస్తే పైన వంపులో పసుపుపచ్చ చొక్కా. రెండూ యాభై. ఒక మనసుకు ప్రాణం లేచొచ్చింది, రెండో మనసు గుటక వేసింది. మేరిమ్ కాలు జాగ్రత్తగా పెడుతూ, కుడి చేత్తో కర్ర ఊతంగా, ఎడమ చేతిని గుండెకు ఆనించుకుని దిగుతోంది. దగ్గరికి వచ్చి నంబరు చూపించడం మరిచి, చెమట మొహంతోనే జూరాను కావిలించుకుంది.

"మీరే ఉంటారనుకున్నా ఎజే. పైనుంచి చూస్తూనే ఉన్నా, ఆ ఎర్ర టోపీ మీదే అని."

"తాగు ముందు. చక్కెర ఎక్కువేశాను."

మేరిమ్ గిన్నెను రెండు అరిచేతుల మధ్య ఇరికించుకుని తాగింది. ఎడమ చేతికి బొటనవేలు ఉంది, మిగతాచోట గులాబీరంగు నునుపు. దాన్ని చూడకూడదని కళ్లు తిప్పుకుంటే అవే చెయ్యి మీదికి పోతున్నాయి. నూనెలో వేయించిన బోర్సోక్ ముక్కలు రెండు నోట్లో వేసుకుని, నములుతూనే, "అమ్మ మిమ్మల్ని మరీ మరీ అడిగానని చెప్పమంది. ఎజే, ఒక మాట. ఆ ముసలాయన ఇంకా ఇక్కడే ఉన్నాడా?" అంది.

"ఎవరు?"

"ఆయనే, టోక్తోసున్. గుర్తులు పీకేసినాయన. రేపు పొద్దున్నే ఆయన దగ్గరకు వెళ్దామనుకుంటున్నా. క్షమించానని చెప్పి వస్తా. రెండేళ్లు తిట్టి తిట్టి నాకే విసుగొచ్చింది. ఆసుపత్రిలో కట్టు మార్చేటప్పుడల్లా ఆయన పేరు తలుచుకుని పళ్లు బిగించేదాన్ని, నొప్పి తగ్గేది తెలుసా. ఇక చాలు. మీరు కూడా రండి, ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది."

ఎండ, మర్మోట్ ఈల, పటపటలాడుతున్న పీలిక, అన్నీ కాస్త దూరం జరిగినట్టయింది. రేపు పొద్దున ఆ పెద్దమనిషి గుడారం ముందు ఈ పిల్ల నిలబడి, నిన్ను క్షమించాను అంటుంది. పక్కన తను ఉంటుంది, ఎర్ర శాలువా కప్పుకుని. ఆయన ఏమంటాడు? టోపీ సర్దుకుంటాడు. చెయ్యని తప్పుకు దొరికిన క్షమ కూడా మింగుతాడు, ఆ మాంసం ముక్కలాగే పక్కకు పంచి పెట్టడానికి అప్పుడు అక్కడ ఎవరూ ఉండరు.

"క్షమించకు" అంది జూరా.

"ఏం?"

"ఆయన్ని నువ్వు క్షమించడానికేం లేదు. ఆయన పీకలేదు. ఆవులు తినలేదు. నేను కట్టలేదు."

మేరిమ్ నమలడం ఆపింది. చిన్నపిల్లకు మాట అందించినట్టు, "మంచువాన కదా ఎజే ఆ రోజు. కట్టలేకపోయి ఉంటారు" అంది. ఎంత దయగల తలుపు, ఎంత వెడల్పుగా తెరిచి పెట్టింది. ఆ తలుపులోంచి బయటపడిపోవచ్చు, ఇద్దరూ ఏడ్చుకోవచ్చు, పోనీలే అనుకోవచ్చు.

"కట్టగలను. ఇరవై ఆరు పీలికలున్నాయి సంచిలో. కట్టబుద్ధి కాలేదు. నేను పరిగెత్తడం లేదు కాబట్టి. సాయంత్రం అడిగారు, గుర్తులున్నాయా అని. ఉన్నాయన్నాను. అందుకే నిన్ను కుడివైపు వెతికారు."

"ఎన్నింటికి అడిగారు?"

"ఐదింటికి."

మేరిమ్ గిన్నె కింద పెట్టింది. పెడుతుంటే గిన్నె రాయికి తగిలి ఒరిగిపోయింది. "ఐదింటికి నా చెయ్యి బాగానే ఉంది" అంది. "ఐదున్నరకు బూటు లేసు ఊడితే కట్టుకున్నా. ఈ చేత్తోనే."

జూరా వంగి ఆ గిన్నెను నిలబెట్టింది. అనడానికి ఏ మాట చూసినా అది తన కోసమే అనుకోవాల్సిన మాటలా ఉంది.

"ఈ సంగతి చెప్పడానికి నా పరుగే దొరికిందా మీకు? రెండేళ్లున్నాయి కదా. ఉత్తరం రాయొచ్చు. ఫోను చెయ్యొచ్చు. ముప్పై కిలోమీటర్లు పరిగెత్తి వచ్చాక, ఇంకా ఎనిమిది ఉండగా, మీ మూట తెచ్చి నా నెత్తిన పెడతారా?" గొంతు పెంచలేదు. కర్ర తీసుకుంది. "నా నంబరు పక్కన గీత పెట్టుకోండి" అని, కుడి దారిలోకి దిగిపోయింది.

గీత పెట్టింది. అది కాగితం చివరిదాకా పోయింది. చివరి రన్నరు వెనకే దిగుతూ ఆఖరుగా కిందికి చేరాల్సింది తనే కాబట్టి కూజా, రేడియో సంచిలో వేసుకుని, పది నిమిషాలు ఆగి బయలుదేరింది. ఇక పరుగు కాదు, పరుగు లాంటి నడక, మోకాలు ప్రతి రాయికీ ఒక మాట అంటోంది. అరమైలు ముందు పసుపుపచ్చ చొక్కా కనపడుతూ, మలుపులో మాయమవుతూ, మళ్లీ కనపడుతూ ఉంది. ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. తిరగకపోవడమే న్యాయం. చెబితే తేలికవుతుందని ఎవరన్నారో, ఎవరూ అనలేదేమో, తనే అనుకుందేమో. తేలిక కాలేదు. బరువు తనది తన దగ్గరే ఉంది, ఆ పిల్లకు కొత్తది పుట్టింది. రెండేళ్లు ఆమె ఒక ముసలాయన్ని తిట్టుకుంటూ నొప్పి ఓర్చుకుంది, ఆ ఆసరా కూడా లాగేసింది తను. అయినా చెప్పకుండా ఉండాల్సిందా? రేపు పొద్దున ఆ గుడారం ముందు ఎర్ర శాలువాతో? లేదు. ఇది మాత్రం లేదు. స్ప్రూస్ చెట్ల నీడలోకి దిగేసరికి చెమట చల్లబడింది. ఈ చెట్ల మధ్య తను పద్నాలుగేళ్లప్పుడు ఒక వేసవి సాయంత్రం ఊరికే, ఎవరూ తరమకుండా, ఎటూ చేరాల్సిన పని లేకుండా పరిగెత్తింది, నేల తనను పైకి విసురుతున్నట్టు. ఆ పద్నాలుగేళ్ల పిల్లకు ఈ ఆడమనిషిని చూపిస్తే గుర్తుపడుతుందా? దారి తప్పినవాళ్లను చూస్తే ఆ పిల్ల ఏం చేసేది? వెంటబెట్టుకుని ఇంటికి తీసుకొచ్చేది, అంతే. తెచ్చింది కూడా, ఒకసారి, పట్నం దంపతుల్ని, చెయ్యి పట్టుకుని. ఆ పిల్ల ఎక్కడ దిగిపోయిందో, ఏ ఏడు, ఎవరూ గుర్తు కట్టలేదు.

వాగు మీది చెక్క వంతెన దగ్గర మేరిమ్ ఆగి ఉంది. జూరా దగ్గరికి వచ్చేదాకా అవతలి ఒడ్డుకేసి చూస్తూ నిలబడింది. అక్కడ రాళ్ల దిబ్బ మీద ఒక కంబళి గుడారం, దాని నెత్తిన సన్నటి పొగ.

"అదేనా?"

"అదే."

"నేను వెళ్లి పూర్తి చేస్తా. రెండేళ్లు దీని కోసం పరిగెత్తాను, మీ కోసం వదులుకోను. మీరు ఆయన దగ్గరకు వెళ్లండి. ఇప్పుడే. రేపు పొద్దున వచ్చి నేను ఆయన్నే అడుగుతాను, వచ్చారా అని." ఎజే అనలేదు. వంతెన దాటి, గట్టెక్కి, ఊరివైపు మెల్లగా, గట్టిగా పరిగెత్తుకుంటూ పోయింది.

కుక్క మొరిగింది. టోక్తోసున్ గుడారం ముందు పీట మీద కూర్చుని కళ్లెం వారు కుడుతున్నాడు. భార్య బాత్మా గొర్రె పాలు పితుకుతున్నది కాస్తా తలెత్తి చూసి, చెంబు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. "కూర్చో" అన్నాడాయన సూది దించకుండా. జూరా కూర్చోలేదు. నిలబడే చెప్పింది, పీలికలు, పొయ్యి, ఐదింటి మాట, మేత సంఘం ముందు అన్న మాట. వరస తప్పింది, వెనకది ముందు వచ్చింది, మళ్లీ వెనక్కి వెళ్లి చెప్పింది. ఆయన దారం పళ్లతో తెంపాడు.

"తెలుసు" అన్నాడు.

"ఎప్పటి నుంచి అకే?" అంది, అన్నను పిలిచినట్టు.

"పదకొండో రోజు నుంచి. ఆవులు తిన్నాయన్నారు కదా. తింటే వెనక నుంచి రావాలి. పది రోజులు కర్ర పుచ్చుకుని వాటి వెనకే తిరిగా. ప్రతి పేడకడీ కెలికి చూశా. ఒక్క నూలుపోగు లేదు. నా చేత్తో నేను పీకలేదు. ఇక మిగిలిందెవరు?"

"మరి చెప్పలేదే?"

"ఏం పట్టుకెళ్లి చెప్పమంటావమ్మా? పేడా? ముసలాడికి మతి పోయి పేడ కెలుకుతున్నాడని అప్పటికే నవ్వుతున్నారు." కొత్త దారం ఎక్కించబోయి సూదిబెజ్జం అందక పక్కన పెట్టేశాడు. "నువ్వు రొట్టె మూట కట్టుకుని ఆ వంతెన దాకా రావడం, వెనక్కి పోవడం రెండుసార్లు చూశాం. మా ఆవిడ పాపం పిలువు అంది. నేనే వద్దన్నా. పిలిస్తే నీకు సుఖంగా ఉంటుంది."

"నిజమే" అంది జూరా. "ఏం చెయ్యమంటారో చెప్పండి. చేస్తాను."

"నాకు చెప్పావు. నాకు చెప్పడానికేముంది, నాకు తెలిసిందే." గడ్డంతో ఊరివైపు చూపించాడు. అటునుంచి లౌడ్‌స్పీకరు పాట గాలికి వచ్చి పోతోంది. "నా పరువు ఈ గుడారంలో పోలేదు. పోయిన చోట వెతకాలి."

లేచి గుర్రానికి జీను వేశాడు. పట్టీ బిగించేటప్పుడు చేతులు తొందరపడలేదు. బాత్మా గుమ్మంలోకి వచ్చి ఆయన పండగ టోపీ, తెల్లది, అంచుకు నల్ల కుట్టున్నది, అందించింది. పాత టోపీ తీసి ఇచ్చి అది పెట్టుకున్నాడు. గుర్రమెక్కి, జూరాను ఎక్కమనలేదు, ఎక్కొద్దనీ అనలేదు. ఆమె జీను పక్కన నడక మొదలుపెట్టింది, ఆయన మడమ తాకించాడు, గుర్రం పరుగులాంటి నడక అందుకుంది, ఆమె పరిగెత్తింది. మోకాలు మంటగా ఉంది. ఊపిరి గుర్రం ఊపిరితో కలిసి, విడిపోయి, మళ్లీ కలిసింది. ఒక చోట ఆమె వెనకబడింది. ఆయన తిరిగి చూడలేదు కానీ కళ్లెం కొంచెం లాగాడు. ఆమె అందుకున్నాక వదిలాడు.

బడి మైదానంలో ఊరంతా ఉంది. ముగింపు గీత దగ్గర మేరిమ్ అప్పుడే చేరినట్టుంది, మెడలో పతకం వేసి, భుజాల మీద దుప్పటి కప్పుతున్నారు. మైకులో ఎర్మెక్, మృత్యువును గెలిచి వచ్చిన అమ్మాయి అంటూ ఏదో చెబుతున్నాడు. చప్పట్లు కొడుతున్నవాళ్లు గుర్రాన్ని చూసి దారిచ్చారు, గుర్రం మీద ఎవరో చూసి చప్పట్లు ఆపారు. మేత సంఘం వాళ్లు బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతున్నారు. టోక్తోసున్ బల్ల ఎదుట గుర్రాన్ని నిలిపి, కొరడా ఉన్న చెయ్యి పైకెత్తాడు. ఎర్మెక్ మాట ఆపాడు. ఎవరో లౌడ్‌స్పీకరు పాట కూడా తీసేశారు. అందరి మొహాలూ ముందు ఆయన వైపు, తర్వాత జీను పట్టుకుని రొప్పుతున్న జూరా వైపు తిరిగాయి. దుప్పట్లోంచి మేరిమ్ చూస్తోంది. బడి పిల్లలు చూస్తున్నారు. సపార్ చూస్తున్నాడు.

జూరా మొదలుపెట్టింది. సగం మాటలు రొప్పులోనే పోయాయి.

"వినపడటం లేదు" అన్నారు ఎవరో వెనక నుంచి.

ఆమె జీను వదిలేసి రెండడుగులు ముందుకొచ్చి, ఈసారి గట్టిగా, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది.